జ్ఞాపకం పోతే పోనీ, మార్కర్ బాగుంటే చాలు

మతిమరుపు విషయంలో మనిషి సాక్ష్యం చెల్లదని వైద్యశాస్త్రం ఎట్టకేలకు తేల్చేసింది. మంచిదే. ఇన్నాళ్లూ డాక్టరు గదిలో జరిగింది పంచాయితీ. "నాకేం మరుపు లేదు డాక్టరు గారూ" అని పెద్దాయన, "మొన్న పొయ్యి మీద పాలు పెట్టి గుడికెళ్లిపోయారు కదండీ" అని ఆవిడ, "బావగారు ముప్ఫయ్యేళ్లుగా అంతేనండి" అని బావమరిది. వీళ్లలో ఎవరిది నిజమో తేల్చలేక డాక్టరుకే బుర్ర తిరిగేది. ఇప్పుడా బాధ లేదు. ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెట్టి, రక్తాన్ని మాత్రం లోపలికి పిలిస్తే సరి. రక్తం మొహమాటపడదు, అలగదు, బావమరిదిని వెంటబెట్టుకు రాదు.

ఈ పద్ధతికి 2024లో రాజముద్ర కూడా పడింది. అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ వేసిన నిపుణుల బృందం అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బును లక్షణాలతో కాకుండా మెదడులో జరిగే మార్పులతో, అంటే వాటిని పట్టిచ్చే మార్కర్లతో నిర్వచించింది. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని పెట్ స్కాన్ గానీ, వెన్నులోంచి తీసిన నీరు గానీ, గట్టి రక్తపరీక్ష గానీ చెబితే జబ్బు ఉన్నట్టే. మనిషి పేపరు చదువుతూ, పద్దులు రాస్తూ, మనవడికి ఎక్కాలు అప్పజెబుతున్నా సరే, ఉన్నట్టే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తమాషా ఏమిటంటే, లక్షణాలు లేనివాళ్లకి మామూలు వైద్యంలో ఈ పరీక్షలు చేయవద్దని కూడా ఆ పత్రమే చెప్పింది. అంటే జబ్బు ఉంటుంది గానీ చూడకూడదు. అదే ఏడాది ఇంకో అంతర్జాతీయ బృందం అడ్డం తిరిగింది. లక్షణాలు లేనివాళ్లని ముప్పు ఉన్నవాళ్లు అందాం, రోగులు అనొద్దు అని వాళ్ల వాదన. ఇలాంటి ఛాందసులు ప్రతి రంగంలోనూ ఉంటారు.

పాపం, ఛాందసుల చేతిలో లెక్కలు లేకపోలేదు. 2015లో ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి చూస్తే, తెలివి నిక్షేపంగా ఉన్నవాళ్లలోనే 50 ఏళ్ల వయసుకి 10 శాతం మందిలో, 90 ఏళ్లకి 44 శాతం మందిలో అమిలాయిడ్ బయటపడింది. అంతకన్నా ముందే అమెరికాలో డేవిడ్ స్నోడన్ 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద చేసిన అధ్యయనంలో సిస్టర్ మేరీ అనే ఆవిడ ఉంది. 101 ఏళ్లకి పోయేదాకా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. పోయాక మెదడు తెరిచి చూస్తే అమిలాయిడ్ ఫలకాలు, టౌ అనే ఇంకో ప్రోటీన్ చిక్కుముళ్లు కుప్పలుగా ఉన్నాయి. మార్కర్లంటే ఆవిడకి కొంచెం కూడా గౌరవం లేదన్నమాట.

గౌరవం మార్కర్లకి చాలా ముఖ్యం. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడికి చేసినన్ని మర్యాదలు చేయాలి. వెన్నులోంచి తీసిన నీటిని గాజు గొట్టంలోనో పాలీస్టైరీన్ గొట్టంలోనో పట్టకూడదు. అమిలాయిడ్ బీటా 42కి అంటుకునే గుణం ఎక్కువ, గోడకి పట్టేస్తుంది. పాలీప్రొపిలీన్ గొట్టమే కావాలి. అదైనా అడుగున కాస్త పట్టి వదిలేయకూడదు. నీరు తక్కువై గోడ ఎక్కువైతే, అంటుకుపోయే వాటా పెరుగుతుంది. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి ఒంపిన ప్రతిసారీ మరికొంత పోతుంది. పోతే పోయిందని ఊరుకోవడానికి లేదు. జబ్బున్నవాళ్ల వెన్నునీటిలో అమిలాయిడ్ 42 పెరగదు, తగ్గుతుంది, ఎందుకంటే అది మెదడులోనే ఫలకాలుగా చిక్కుకుపోతుంది. కాబట్టి టెక్నీషియన్ నాలుగు గొట్టాలు మారిస్తే, గుండ్రాయిలా ఉన్న మనిషి కూడా కాగితం మీద అల్జీమర్స్ రోగి అయి కూర్చుంటాడు. దీనికి విరుగుడుంది. 42ని విడిగా చూడకుండా, దాని అన్నదమ్ముడు అమిలాయిడ్ 40తో భాగించి నిష్పత్తి చూస్తారు. రెండూ గోడకి అంటుకునేవే కనుక నష్టం చాలావరకు సర్దుకుంటుంది. గొట్టానికి వచ్చిన అల్జీమర్స్ అలా నయమవుతుంది. పూర్తిగా నయమయ్యే రకం ఇప్పటికి అదొక్కటే.

వెన్నులో సూది అంటే జనం జడుస్తారు గనక రక్తం వచ్చింది. ఇప్పటి మహారాజు పీ-టౌ 217, ఆ టౌలోనే ఒక రకం. 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లూమిపల్స్ అనే పరీక్షకి అనుమతిచ్చింది. ఇది ప్లాస్మాలో పీ-టౌ 217ని అమిలాయిడ్ 42తో భాగించి చూస్తుంది. 55 ఏళ్లు దాటి, మరుపు లక్షణాలున్నవాళ్లకే అని షరతు. పరీక్ష మంచిదే, ఆ మాట వెటకారం లేకుండా చెప్పాలి. పెట్ స్కాన్‌తో, వెన్నునీటితో పోలిస్తే బాగానే సరిపోయింది. 20 శాతం లోపు మందికి మాత్రం అటూ కాదు ఇటూ కాదు అని వస్తుంది. కిడ్నీలు మందగించినవాళ్లలో పీ-టౌ దానంతటదే పెరుగుతుంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో దాని మోతాదు పలచబడుతుంది. ఇక నిష్పత్తిలో కింద ఉన్న అమిలాయిడ్ 42 బయటి వేడికి త్వరగా తగ్గిపోతుంది. పర్పుల్ మూత గొట్టంలో తీసిన రక్తాన్ని రెండు మూడు గంటల్లో తిప్పి, ప్లాస్మా వేరు చేసి గడ్డకట్టించాలి. అది కాస్తా మే నెల గుంటూరు ఎండలో కలెక్షన్ కుర్రాడి బైకు డబ్బాలో మధ్యాహ్నం దాకా ఊరంతా తిరిగిందనుకోండి, కింది అంకె తగ్గుతుంది, నిష్పత్తి పైకి లేస్తుంది. రిపోర్టులో మాత్రం ఆ బైకు ప్రయాణం ఎక్కడా ఉండదు.

సరే, మార్కర్ దొరికింది, మందు కావాలి కదా. మార్కర్‌కి మందుంది. అడుకానుమాబ్ అనే మందు సంగతి తేల్చమని 2020 నవంబరులో ఎఫ్‌డీఏ తన సలహా సంఘాన్ని అడిగింది. అది పనిచేస్తుందనడానికి కంపెనీ చూపించిన ఒక్క ట్రయల్ చాలునా అన్న ప్రశ్నకి 10 మంది చాలదన్నారు, 1 తేల్చుకోలేదు, చాలునన్నవాళ్లు సున్నా. 2021 జూన్‌లో అనుమతి వచ్చేసింది. కారణం, ఫలకాలు తగ్గాయి కదా, మనిషికీ మేలు జరిగే అవకాశం ఉండొచ్చు అని. ధర మొదట ఏడాదికి 56,000 డాలర్లు, తర్వాత సగం చేశారు. 2024 జనవరిలో కంపెనీ దాన్ని మూసేసింది. సలహా సంఘంలో ముగ్గురు మాత్రం 2021లో అనుమతి వచ్చిన వెంటనే రాజీనామా చేసి వెళ్లిపోయారు. మెదడు శుభ్రపడుతుంటే సంతోషించలేని మనుషులు.

దాని తర్వాత వచ్చిన లెకనెమాబ్ నిజంగానే మెరుగు. ట్రయల్‌లో దాన్ని రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించారు. 18 నెలల తర్వాత ఫలకాలు ఊడ్చిపెట్టినట్టు తగ్గాయి. మనిషి సంగతి కూడా కొలిచారు, అది వాళ్ల పెద్దమనసు. 18 పాయింట్ల స్కేలు మీద మందు తీసుకున్నవాళ్లు 1.21 దిగజారారు, తీసుకోనివాళ్లు 1.66. తేడా 0.45. దీన్నే 27 శాతం అని కూడా రాయొచ్చు, పేపర్లు అలాగే రాశాయి. 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది, చాలామందికి ఏమీ తెలియలేదు, కొందరికి తెలిసింది. అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు అమ్మ వైపు, నాన్న వైపు రెండిటి నుంచీ వచ్చినవాళ్లలో ఈ వాపు సుమారు మూడో వంతు మందిలో ఉంది. అందుకని మందు మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష, మధ్యలో మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకి ఇంకా జాగ్రత్త. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకి అడ్డొచ్చేంత మతి తగ్గడం, ఉందని లాసీ-డాడ్ సర్వే అంచనా. వాళ్లందరికీ రెండు వారాలకోసారి సెలైన్ స్టాండు, పక్కనే ఎంఆర్‌ఐ. ఏరియా ఆసుపత్రిలో బీపీ మిషన్ సెల్లు మార్చిన మర్నాడే మొదలుపెట్టొచ్చు.

ఒళ్లు చెప్పే మార్కర్లు చౌక, అందుకే వాటికి పరపతి తక్కువ. నడక తీసుకోండి. నాలుగు మీటర్ల నేల, దానికి ముందొక మీటరు, తర్వాతొక మీటరు ఖాళీ, ఒక స్టాప్‌వాచ్. వేగం అందుకోవడానికీ ఆగడానికీ పట్టే సమయం లెక్కలోకి రాకూడదు గనకే ఆ ఖాళీ. నాలుగు మీటర్లకి 5 సెకన్లు పడితే సెకనుకి 0.8 మీటరు, అంతకన్నా తగ్గితే ఆలోచించాలి. "నడిచి చూపించండి" అన్నారో, పెద్దాయన పెరేడ్‌లో ఉన్నట్టు నడుస్తాడు. "పాలకెళ్లినట్టు నడవండి" అనాలి. నెమ్మది నడకకి మరుపు ఫిర్యాదు తోడైతే ముప్పు ఎక్కువని జో వర్గీస్ బృందం 2013లోనే ఒక సిండ్రోమ్‌గా చెప్పింది. పిడికిలి బలం కూడా అంతే. మోచెయ్యి 90 డిగ్రీలు, చేతికి మూడుసార్లు, ఎక్కువ వచ్చిందే లెక్క, ఆసియా వాళ్లలో మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18 కిలోలు హద్దు. పక్కనుంచి "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని అరిచేవాడుంటే అంకె మారుతుంది. కాబట్టి అరిస్తే అందరి దగ్గరా అరవాలి, లేకపోతే ఎవరి దగ్గరా అరవకూడదు. వేళ్లకి కీళ్లవాతం ఉంటే ఆ అంకె మెదడు గురించి చెప్పేదేమీ లేదు.

2013లో ఫ్లోరిడాలో పల్లీల బటర్ పరీక్ష కూడా కనిపెట్టారు. ఒక ముక్కు మూసి, స్కేలు పక్కన పెట్టి, డబ్బాని సెంటీమీటరు సెంటీమీటరు దగ్గరికి తేవడం. అల్జీమర్స్ వాళ్లకి ఎడమ ముక్కు బాగా దగ్గరికి తెస్తే గానీ పసిగట్టదన్నారు. మరుసటి ఏడాది ఇంకో బృందం చేసి చూస్తే ఎడమ కుడి తేడా ఏమీ రాలేదు. బటర్ ఖర్చుతో పోయింది.

ఇన్ని మార్కర్లున్నా చివరికి అందరూ వచ్చి ఆగేది కాగితం పరీక్ష దగ్గరే. మోకా అనే 30 మార్కుల పరీక్షని తీసుకోండి, 26 కన్నా తగ్గితే అనుమానం. హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్టు అమ్మాయి, బడి మొహం చూడని 70 ఏళ్ల అవ్వ ఎదురెదురుగా కూర్చున్నారనుకోండి.

"ఈ రోజు తేదీ ఎంత అవ్వా?"

"ఇయ్యాల ఏకాదశి బిడ్డా. శ్రావణమాసం. ఉపాసమున్న."

సున్నా.

"ఈ బొమ్మలో జంతువు ఏంటి?"

"బర్రె అందామంటే ముక్కు మీద కొమ్మున్నది. ఇది మా తాన లేదు బిడ్డా."

ఖడ్గమృగం. సున్నా.

"వందలోంచి ఏడు తీసేస్తూ పో అవ్వా."

"ఎందుకు తియ్యాలె? ఎవరికియ్యాలె?"

ఇక్కడ అవ్వ అడిగినదాంట్లో తప్పేం లేదు గానీ, మార్కులు లేవు. ఆమె ముప్ఫయ్యేళ్లు కూరగాయలు అమ్మి ఉండొచ్చు, వంద నోటిస్తే చిల్లర క్షణంలో ఇచ్చేది. గడియారం బొమ్మలో 11 గంటల 10 నిమిషాలు పెట్టమంటారు. చిన్నముల్లు 11 మీద, పెద్దముల్లు 2 మీద ఉండాలి. జబ్బు మొదలైనవాళ్లు '10' అన్న మాటకి లొంగి పెద్దముల్లుని 10 మీద పెడతారు, అదే అసలు పట్టుకోవాల్సిన తప్పు. పెన్ను పట్టని చేతికి మాత్రం గుండ్రం గీయడమే రాదు, ముల్లు దాకా ఎక్కడ వెళ్తుంది? ఈ అన్యాయం సరిచేయడానికి 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి 1 మార్కు కలుపుతారు. ఇంటర్ పాసైనవారికీ అదే 1, అక్షరం రానివారికీ అదే 1. చదువు తక్కువ ఉన్నవాళ్లకి వేరే మోకా ఉంది, ఐసీఎంఆర్ తయారుచేసిన పరీక్షల పెట్టె తెలుగులో కూడా ఉంది. అయినా సులువుగా ప్రింటు తీయగలిగేది పాతదే కదా.

ఇదే హైదరాబాద్‌లో నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ఒక సంగతి చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒక్క భాషవాళ్లకన్నా జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ మాట్లాడే ఊళ్లో ఇది వింత కాదు. జబ్బు రానివాళ్లని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాల్లో ఇంత స్పష్టంగా రాలేదని కూడా చెప్పాలి. మార్కర్ మనుషులు దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం మాత్రం అది కాదు. దీనికి గొట్టం లేదు, బార్‌కోడ్ లేదు, రిఫరల్ కమీషన్ అసలే లేదు.

బార్‌కోడ్ ఉన్నా పరపతి లేనిది బీ12. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, మాంసం ముట్టనివాళ్లలో తగ్గుతుంది, మరుపు తెస్తుంది, ఇంజెక్షన్లతో సరిచేసుకోవచ్చు. థైరాయిడ్ కూడా అంతే. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, మూత్రం ఆపుకోవడానికిచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్ర పట్టడానికిచ్చే అమిట్రిప్టిలిన్ ముసలివాళ్ల బుర్రని మసకబారుస్తాయి. మందుల సంచి టేబుల్ మీద గుమ్మరించి ఒక్కొక్కటీ చదవడానికి పది నిమిషాలు పడుతుంది. ల్యాబులమ్మే బ్రెయిన్ ప్యాకేజీలో ఆ పది నిమిషాలకి గడి లేదు.

వినికిడి సంగతి మరీ అధ్వాన్నం. 2024 లాన్సెట్ కమిషన్ లెక్కలో డిమెన్షియాలో 7 శాతం దానివల్లే, చెడు కొలెస్ట్రాల్‌తో సమానంగా. 977 మందిని మూడేళ్లు చూసిన ఎచీవ్ ట్రయల్‌లో మొత్తం మీద హియరింగ్ ఎయిడ్ వల్ల తేడా రాలేదు. ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం దిగజారుడు 48 శాతం తగ్గింది. కాబట్టి మోకా పెట్టే ముందు చెవిలో లైటు వేసి చూడాలి, గులిమి గడ్డకట్టి ఉంటే నాలుగు రోజులు నూనె చుక్కలు వేసి తీయించాలి, కళ్లజోడు తెచ్చుకున్నారో లేదో అడగాలి. ఐదు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అప్పజెప్పమనే ప్రశ్నలో, మొదట ఆ ఐదూ వినబడ్డాయా అన్నది చిన్న విషయమే. గులిమి తీయడానికి ఏడాదికి 56,000 డాలర్లు తీసుకునే కంపెనీ ఒకటి పుట్టేదాకా అది చిన్న విషయంగానే ఉంటుంది.