నల్ల టేపు కనిపిస్తే వారంటీ పోతుందా?

ఇవాళ పొద్దున ఆటోనగర్‌లో ఓ కుర్రాడి కారు. ఏడాది కూడా నిండలేదు, ఏసీ కంప్రెసర్ పోయింది. షోరూంవాళ్లు బానెట్ ఎత్తి, హెడ్‌లైట్ వెనక ఫాగ్ ల్యాంపు వైర్లకి నల్ల టేపు చుట్టిన జాయింట్ చూసి "బయట వైరింగ్ చేయించారు, వారంటీ రాదు" అని పంపేశారు. ఫాగ్ ల్యాంపు జాయింటుకీ కంప్రెసర్‌కీ ఏంటండీ సంబంధం?

సంబంధం ఉన్నచోట ఉందనే చెప్తాను. హెడ్‌లైట్‌లో వేసే హెచ్4 బల్బు కంపెనీది 60/55 వాట్లు, అంటే హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55. అది తీసి 100/90 పెడితే 5 ఆంపియర్ల కరెంటు కాస్తా 8 దాటుతుంది. హోల్డర్ కరుగుతుంది, స్విచ్ కాలుతుంది. అప్పుడు ఆ వైరింగ్‌కి క్లెయిమ్ ఇవ్వకపోతే న్యాయమే. పైగా 100/90 ఎదురొచ్చేవాడి కళ్లు పొడుస్తుంది, వెయ్యొద్దు. వెలుగు చాలకపోతే ఆ 60/55కే రిలే కిట్ వేయించండి. రిలే అంటే చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. కరెంటు ఫ్యూజ్ మీదుగా నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, పాత హోల్డర్ రిలేకి సిగ్నల్ మాత్రం ఇస్తుంది. దారిలో వోల్టేజీ పడిపోదు, అదే బల్బు బాగా వెలుగుతుంది. కిట్ మాత్రం వైరు కోయకుండా కప్లర్‌కి కప్లర్ (వైర్ల చివరి ప్లగ్గు) తగిలేదే కొనండి. వైరు కోసి మెలిపెట్టి టేపు చుడితే బెజవాడ ఎండకి జిగురు కారిపోతుంది, వానలకి తడి చేరి లోపల రాగి పచ్చబడుతుంది.

రీమ్యాప్, అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించినవాళ్లయితే ఇంజిన్, టర్బో, క్లచ్ మీద ఆశ వదులుకోండి. పాత ఫైలు మళ్లీ ఎక్కించినా చాలా ఈసీయూల్లో (ఆ ఇంజిన్ కంప్యూటర్లలో) ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించారో, లెక్క మిగిలే ఉంటుంది.

కానీ నా కడుపు మండుతున్నది వేరే దానికి. ఆ నల్ల టేపు ఎవరిదనుకున్నారు? డెలివరీ రోజు ఆ షోరూం షెడ్డులో వాళ్ల మనిషే ఫాగ్ ల్యాంపులకి కొట్టిన జాయింట్! ఆక్సెసరీస్ ప్యాకేజీ తీసుకుంటేనే బండి త్వరగా ఇస్తామని మెడ మీద కూర్చుని అంటగట్టేదీ వాళ్లే, ఏడాది తిరక్కుండా "బయటి ఫిటింగ్" అనేదీ వాళ్లే. బిల్లులో "ఆక్సెసరీస్ కిట్" అని ఒక్క లైను, పార్ట్ నంబరు ఉండదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి పార్టు వేశారన్న ఒక్క మాటతో అక్కడ వారంటీ ఎత్తేయలేరు.

మన దగ్గర మనమే గట్టిగా నిలబడాలి. డెలివరీకి ముందే ప్రతి వస్తువుకీ పార్ట్ నంబరుతో బిల్లు, "మా దగ్గరే బిగించాం" అన్న మాట స్టాంపుతో రాయించుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే నోటిమాటతో కారు బయటికి తీయకండి. ఏ పార్టు చెడింది, దాన్ని ఏ ఫిటింగ్ ఎలా చెడగొట్టింది, వారంటీ బుక్కులో ఏ షరతు ప్రకారం కాదంటున్నారు, ఈ మూడూ సంతకంతో అడగండి. జాయింట్ ఫోటోలు తీసుకోండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్.

ఆ కుర్రాడి చేతిలో ఉన్న జాబ్ కార్డు మీద "ఏసీ కూలింగ్ లేదు" అని మాత్రమే ఉంది. కారణం రాయాల్సిన చోట ఒక్క అక్షరం లేదు. రేపు పొద్దున్నే తిరిగి వెళ్లి ఆ ఖాళీ నింపించుకురమ్మన్నాను.