సవరణ: ఫ్లోరైడ్ 'సున్నా' లెక్క గురించి

ఇంటింటికీ శుద్ధి చేసిన నల్లా నీళ్లిచ్చే తెలంగాణ పథకం మిషన్ భగీరథ మీద పెట్టిన పోస్టులో "నల్లగొండలో ఫ్లోరైడ్ సున్నాకొచ్చింది" అని రాశాను. అది తప్పు. 2020లో కేంద్రం పార్లమెంటుకిచ్చిన లెక్కలో సున్నా అయినవి ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు. ఊరికి శుద్ధి చేసిన నీళ్లు అందితే ఆ ఊరు జాబితాలోంచి పోతుంది, అంతే. భూమిలో నీళ్లు మారలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు నల్లా రాని రోజు బిందెలో బోరు నీళ్లు పడితే మళ్లీ అదే ఫ్లోరైడ్. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకుంటే 1.5 వరకు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లపాటు తాగి ఇప్పటికే వంగిపోయిన ఎముకలు ఈ సున్నాలో ఎక్కడా లేవు. పథకం మేలు లెక్కగట్టాలంటే నల్లా నీళ్లొచ్చాక పుట్టిన పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలు, మూత్రంలో ఫ్లోరైడ్ ఏటేటా కొలవాలి.