జనం లేకున్నా వంద రోజులు

సినిమా ఆడాలంటే చూసేవాళ్లుండాలన్నది పాతకాలపు మూఢనమ్మకం. దాన్ని పటాపంచలు చేసిన ఘనత అచ్చంగా తెలుగువాళ్లది. 2000 నుంచి 2009 దాకా మన అభిమాన సంఘాలు పెంచి పోషించిన ఈ శాస్త్రానికి ఇప్పటికీ ఒక్క విశ్వవిద్యాలయమూ ఓ పీఠం పెట్టలేదంటే, ఉన్నత విద్య ఏ గతి పట్టిందో వేరే చెప్పాలా?

పరిభాష తెలియని కుర్రకారు కోసం నాలుగు ముక్కలు. 'సెంటర్' అంటే ఊరు. అయితే జనాభా లెక్కల వాళ్లు ఒప్పుకున్న ఊరే కానక్కర్లేదు. ఓ తెర, ఓ ప్రొజెక్టర్, సంఘానికో అధ్యక్షుడు ఉంటే చాలు. 'డైరెక్ట్' అంటే విడుదలైన హాల్లోనే వంద రోజులు. కొత్త సినిమా వచ్చి బయటికి తోసేస్తే వెనక వీధిలోని చిన్న హాల్లో చేరి లెక్క కొనసాగించడం 'షిఫ్టింగ్'. హాలు మారాక రోజులు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలని అవతలి హీరో మనుషులు అడ్డం తిరిగితే, శరీరం మారినా ఆత్మ ఒక్కటేనని సాక్షాత్తూ గీతలోనే ఉందిగా అని వీళ్లు వాళ్ల నోరు మూయించేవాళ్లు.

అన్నిటికీ మూలస్తంభం నూన్ షో. రోజుకి నాలుగాటలూ పడాలని శాస్త్రం ఎక్కడా అనలేదు. ఒక్క ఆట పడితే ఆ రోజు ఆడినట్టే. పదకొండున్నరకి బెల్లు కొడతారు. బాల్కనీలో ఓ జంట ఉంటుంది గానీ వాళ్ల చూపు తెర మీదే ఉందని ప్రమాణం చేయలేం. కింద బస్సు తప్పిపోయినవాడొకడు, గేటు మీద 'ఎయిర్ కూల్డ్' బోర్డు నమ్మి నిద్రకొచ్చినవాడొకడు. తొంభై రోజులు తిరిగి తిరిగి రీలు గీతలు పడి, ఎండాకాలం సీన్లో కూడా వాన కురుస్తుంటుంది. హీరో తొడగొడతాడు. ఈల వేసే నాథుడు లేడు. చివరి వరసలో సంఘం కోశాధికారి ఒక్కడే మెలకువగా తలలు లెక్కపెట్టుకుంటుంటాడు. హాలు అద్దెకి ఇవాళ ఇంకెంత తగ్గిందో, చందా ఎవరి దగ్గర వసూలు చేయాలో ఆయనకి ఇంటర్వెల్లోపు తేలాలి. సొంత చెల్లెలి పెళ్లికి ఆయన ఇంత కష్టపడ్డాడా అని ఇంట్లోవాళ్లు అడిగేవారట. కళాపోషణ అంటే ఏమిటో తెలియని మనుషులు.

మరి ఫలితాలు? 2001లో 'నరసింహనాయుడు' పోస్టర్ల లెక్కలో 105 సెంటర్లలో వంద రోజులాడింది. 2002లో 'ఇంద్ర' 122కి చేరింది. 2006లో 'పోకిరి' 200 అంది. 2009లో 'మగధీర' 223. వీటిలో జనం నిజంగా ఎగబడి చూసినవి ఉన్నాయి, కాదనను. కానీ జనం చూడటం వల్ల వచ్చే రోజులు ఎవరికైనా వస్తాయి, అందులో శాస్త్రమేముంది? సినిమా సినిమాకీ కొత్త ఊళ్లు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయన్నదే అసలు పరిశోధన. జనాభా లెక్కలు పదేళ్లకోసారి తీస్తే, మన పేపర్ ప్రకటనలు ఏడాదికి రెండు మూడుసార్లు తీసేవి. వందో రోజున పూర్తి పేజీ ప్రకటనలో హీరో మోకాలి దగ్గర నుంచి అడుగుదాకా చీమతలంత అక్షరాల్లో ఊళ్ల పేర్లు, హాళ్ల పేర్లు. భూతద్దం పెట్టుకుని అందులో దొంగ సెంటర్లు ఏరడం అవతలి సంఘం వాళ్ల పని. అనుమానం తీరక తొంభై తొమ్మిదో రోజున వాళ్లే టిక్కెట్టు కొని లోపలికెళ్లి చూసొచ్చేవాళ్లు. దాంతో ఆ రోజు కలెక్షన్ బాగుండేది.

శతదినోత్సవం నాడు నిర్మాత మొదలు లైట్‌బాయ్ దాకా షీల్డులు. వేదికెక్కిన ప్రతివారూ ఈ విజయం ప్రేక్షక దేవుళ్లదే అనేవాళ్లు. దేవుడు కంటికి కనపడడు కాబట్టి ఆ మాటలో అబద్ధం పట్టలేం.

ఈ శాస్త్రానికి ఒకే ఒక్కసారి ఎదురుదెబ్బ తగిలింది. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టినప్పుడు సెంటర్ల లెక్క తెలిసిన వాళ్లెవరికీ ఫలితం మీద అనుమానం లేదు. మరుసటి ఏడు 294 సీట్లలో వచ్చినవి 18. తప్పు శాస్త్రానిది కాదు, ఎన్నికల సంఘానిది. షిఫ్టింగులో వచ్చిన ఓట్లు కలపరు, నూన్ షో ఒక్కటి గెలిస్తే ఒప్పుకోరు. పైగా ఓటరు స్వయంగా రావాలంటారు. అలాంటి ఛాందస నిబంధనల మధ్య ఏ పార్టీ మాత్రం నిలబడుతుంది?

చివరికి ఈ విద్యని చంపింది ప్రేక్షకుడే. అంతకుముందు సినిమా రీళ్లుండే ప్రింటు పెట్టె పెద్ద ఊళ్లో ఆడి ఆడి చిన్న ఊరికి చేరేసరికి నెలలు పట్టేది. ఆ దశకం రెండో సగంలో డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి పెట్టె అవసరం తగ్గించేసింది. ఊరూరా ఒకేసారి విడుదల. చూడాలనుకున్నవాడు రెండు వారాల్లో చూసేస్తున్నాడు, ఓపిక లేనివాడు పైరసీ సీడీ తెచ్చుకున్నాడు, ఓపిక ఉన్నవాడు పండక్కి టీవీలో వస్తుందిలే అని కూర్చున్నాడు. ఇక వందో రోజుదాకా ఎవడుంటాడు, కోశాధికారి తప్ప?

ఆయన మాత్రం ఖాళీగా లేడు. ఇప్పుడు కోట్లు లెక్కపెడుతున్నాడు. ఇందులో సుఖమేమిటంటే హాలు అద్దె కట్టనక్కర్లేదు, ఎండలో పడి ఊళ్లు వెతకనక్కర్లేదు, సున్నాలు చేర్చడానికి ఖర్చు లేదు. వంద రోజుల పోస్టరు వేయాలంటే కనీసం వంద రోజులు గడవాల్సి వచ్చేది. మొదటి రోజు గ్రాస్, అంటే మొత్తం వసూళ్ల పోస్టరుకి ఆ బాదరబందీ కూడా లేదు, సెకండ్ షో వదిలేలోపు డిజైనింగ్ అయిపోతోంది.