ఆయమ్మకు రోజుకు మూడొందలు: అంగన్‌వాడీ జీతాల మెసేజీకి జవాబు

వాట్సాప్‌లో ఒక మెసేజీ ఊరూరా తిరుగుతోంది. హనుమకొండ కాలనీ గ్రూపుల్లోనూ అదే, ములుగు, భూపాలపల్లి పల్లెల గ్రూపుల్లోనూ అదే. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: అంగన్‌వాడీ వాళ్లది నాలుగు గంటల పని, అదీ పిల్లలను ఆడించడం. అది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ. ఇచ్చేది గౌరవ వేతనం. ఆ పైసలు కేంద్రమే ఇస్తుంది. టీచరుకు 13,650 అంటే పల్లెలో తక్కువేం కాదు. ఇంకా పెంచితే పిల్లల గుడ్డుకే ఎసరు. ఎంత పెంచినా సెంటరుకు తాళమే ఉంటుంది. రిటైరైతే ఎలాగూ లక్షలు వస్తాయి.

వీటిలో తాళం మాటలో కొంత నిజం ఉంది, రిటైర్మెంటు మాటలో సగం నిజం ఉంది. మిగతావి కాగితం మీద లెక్క వేస్తే నిలిచేవి కావు.

“13,650 తక్కువేం కాదు”

మెసేజీ రాసినవాళ్లు టీచరు అంకె చెప్పి ఊరుకున్నారు. సెంటర్లో ఇంకో మనిషి ఉంటుంది, ఆయమ్మ (కాగితాల్లో హెల్పర్). 2021లో పీఆర్సీ (ప్రభుత్వ ఉద్యోగుల వేతన సవరణ)తో పాటు ముప్పై శాతం పెంచినప్పుడు టీచరుకు 13,650, ఆయమ్మకు 7,800 అని ఖరారైంది. నెలకు 26 పనిదినాలతో భాగించండి. టీచరుకు రోజుకు 525, ఆయమ్మకు సరిగ్గా 300. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. చెరువులో మట్టి తీసే పనికి కేంద్రం కట్టిన కనిష్ఠ ధర కన్నా, అదే ఊళ్లో ముప్పై మందికి వండిపెట్టి, పసిపిల్లల ముడ్డి కడిగి, అంట్లు తోమే మనిషికి ఏడు రూపాయలు తక్కువ.

ఇంతకన్నా గట్టి పోలిక ఇంకోటి ఉంది. అదే 2021 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 60వ నంబరు జీవోతో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి మూడు మెట్ల వేతనం ఖరారు చేసింది: 15,600, 19,500, 22,750. అట్టడుగు మెట్టు ఆఫీసు సబార్డినేట్లు, చౌకీదార్లు, స్వీపర్ల వంటి వాళ్లది. అంటే కలెక్టరేట్లో ఫైళ్లు మోసే ఔట్‌సోర్సింగ్ మనిషికి 15,600, అంగన్‌వాడీ ఆయమ్మకు 7,800. సరిగ్గా సగం. ప్రభుత్వం అదే, ఏడాది అదే, పెంచిన శాతమూ అదే. ఫైళ్లు మోసేవాళ్లకు ఎక్కువిచ్చారని కాదు, వాళ్లకూ అది చాలీచాలని జీతమే. కానీ ఈ రాష్ట్రంలో అతి తక్కువ జీతం ఎంతుండాలో ప్రభుత్వమే ఒక గీత గీసి, ఆయమ్మను దానికి సగం లోతున నిలబెట్టింది. పెంపు మీద చర్చ వచ్చినప్పుడల్లా టీచరు జీతం చుట్టే తిరుగుతుంది. మొదట ఎత్తాల్సింది ఆయమ్మ జీతం.

ఇంకోటి, 2021 నాటి 13,650 అప్పటి ధరలకు కట్టిన మొత్తం. ధరలు ఏటా ఐదు శాతమే పెరిగాయనుకున్నా, నాలుగేళ్లకు అదే సరుకు కొనడానికి 16,592 కావాలి.

“నాలుగు గంటల పని”

పిల్లలు సెంటర్లో కూర్చునే గంటలు లెక్కపెట్టి ఈ మాట అంటున్నారు. పని ఆ గంటల్లోనే ముగిసేదైతే బాగానే ఉండేది.

ఆరోగ్యలక్ష్మి భోజనాన్నే తీసుకోండి. గర్భిణికి, బాలింతకు ఒక పూట కొలత: బియ్యం 150 గ్రాములు, పప్పు 30 గ్రాములు, నూనె 16 గ్రాములు, కూరగాయలు, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇరవై మంది పేర్లున్న సెంటర్లో రోజుకు మూడు కిలోల బియ్యం, ఆరొందల గ్రాముల పప్పు, ఇరవై గుడ్లు, నాలుగు లీటర్ల పాలు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కారం లేకుండా వేరే కూర. గుడ్లు ఉడకేసే ముందు నీళ్లలో వేసి చూడాలి, తేలినవి తీసి పారేయాలి. ఎండాకాలంలో ఈ ఒక్క మెట్టు వదిలేస్తే పిల్లలకు వాంతులు. ఇదంతా మధ్యాహ్నానికి సిద్ధం కావాలంటే పొయ్యి ఎప్పుడు వెలగాలో వంట చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నీళ్లు మోసుకురావడం, పిల్లలను ఇళ్ల నుంచి తోలుకురావడం అంతకు ముందే జరగాలి.

తర్వాత కొలతలు. చూసేవాళ్లకు ఇది చిన్న పనిలా కనబడుతుంది, అసలు తప్పులు జరిగేది ఇక్కడే. రెండేళ్లలోపు పిల్లను పడుకోబెట్టి పొడవు కొలవాలి, దీనికి ఇద్దరు తప్పనిసరి. ఒకరు తలను పైచెక్కకు ఆనించి, చూపు నేరుగా పైకప్పు వైపు ఉండేలా పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్లు నొక్కి కాళ్లు సాపు చేసి, పాదాలు నిటారుగా ఉంచి కిందిచెక్కను జరపాలి. రెండేళ్లు దాటినవాళ్లను నిలబెట్టి కొలవాలి. చిన్నపిల్లను పొరపాటున నిలబెట్టి కొలిస్తే వచ్చిన అంకెకు 0.7 సెంటీమీటరు కలపాలి. ఆయమ్మ పోస్టు ఖాళీగా ఉన్న చోట టీచరు ఒక్కతే కొలుస్తుంది. పిల్ల మోకాలు ముడుస్తుంది, పొడవు ఒక సెంటీమీటరు తక్కువ వస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు చూసే పట్టికలో ఒక సెంటీమీటరు తేడాకు కూడా గీత కిందికి జరుగుతుంది. ఫలితంగా తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్ల ఒక మెట్టు మెరుగ్గా నమోదవుతుంది. ఎన్‌ఆర్‌సీకి (ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి) పంపాల్సిన పిల్లను ఇంటికి పంపేస్తారు. బరువు చూసేముందు కాటా సున్నాకు రాకపోయినా, ఉన్నిబట్టలతోనే తూచినా ఇలాంటి తప్పే జరుగుతుంది.

చేతి చుట్టుకొలత టేపు దీనికి ఒక అడ్డుకట్ట. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు ఎడమచేయి భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యన, చర్మం నొక్కుకుపోకుండా చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఎరుపు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉంటే, బరువు ఎంతున్నా ఆస్పత్రే. వాపు వల్ల కాటా ఎక్కువ చూపిస్తుంది కదా. ఇది తెలిసిన మనిషి చేసే పనిని ‘పిల్లలను ఆడించడం’ అని మెసేజీలో రాశారు.

ఆ పైన ఫోను. అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్ 2021 మార్చిలో వచ్చింది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, పదహారు గుడ్లు ఇస్తారు. ప్యాకెట్ చేతికివ్వాలంటే తల్లి రావాలి, ఆధార్ వివరాలు కలవాలి, ఓటీపీ రావాలి, ముఖం సరిపోలాలి. ఓటీపీ వచ్చే ఫోను భర్త జేబులో, భర్త మేస్త్రీ పనికి హైదరాబాద్‌లో. తాడ్వాయి, కన్నాయిగూడెం వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట్లున్నాయి. మిర్చి ఏరే కాలంలో తల్లి పొద్దుగాలే చేనుకు పోతే, చీకటి పడ్డాక ఇంటికెళ్లి ఫొటో తీయాలి. ఈ గంటలను ఎవరూ లెక్కలో వేయరు.

ఓటర్ల జాబితాల పనికి బీఎల్‌వోగా (బూత్ స్థాయి అధికారిగా) వేస్తే దానికి పైసలు వేరే వస్తాయి కదా అంటారు. నిజమే, ఎన్నికల సంఘం 2025లో దాన్ని ఏడాదికి ఆరు వేల నుంచి పన్నెండు వేలకు పెంచింది. అంటే నెలకు వెయ్యి, అదీ అదనపు పనికి.

“ఇది సేవ, కనీస వేతనం అడగడానికి లేదు”

చట్టం సంగతి చూద్దాం. 2006లో అమీర్బీ కేసులో అంగన్‌వాడీ వర్కర్లు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్లు కారని సుప్రీంకోర్టు చెప్పింది. మెసేజీలో ఉన్న వాదనకు మూలం అదే. ఆ తర్వాత రెండు మార్పులొచ్చాయి. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. గర్భిణికి, బాలింతకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లకు అంగన్‌వాడీ ద్వారా భోజనం పథకం దయ కాకుండా చట్టబద్ధ హక్కు అయింది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మార్పును ఎత్తిచూపి, అంగన్‌వాడీ కేంద్రం గ్రాట్యుటీ (ఉద్యోగం విడిచేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) చట్టం కింద ‘సంస్థ’ అని, ‘గౌరవ వేతనం’ అని పేరు పెట్టినా అది వేతనమేనని, ఇది పార్ట్‌టైమ్ పని అనడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు గ్రాట్యుటీ వరకే, కనీస వేతనం ఇమ్మని అందులో లేదు, ఈ తేడా దాచనక్కర్లేదు. కానీ ‘సేవ, పార్ట్‌టైమ్’ అనే రెండు మాటలకూ అక్కడితో కాలం చెల్లింది. 2025 ఆగస్టులో గుజరాత్ హైకోర్టు ఇంకో అడుగు వేసి, అక్కడి వర్కర్లకు (మన దగ్గర టీచర్లు) నెలకు కనీసం 24,800, హెల్పర్లకు 20,300 ఇవ్వాలంది.

ఇంకా వెనక్కి పోతే 1982 నాటి ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసు ఉంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. వెట్టి అన్న మాట వరంగల్ జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2013లో 45వ భారత కార్మిక మహాసభ కూడా పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. అందులో కూర్చున్నది యూనియన్లే కాదు, ప్రభుత్వాలు, యాజమాన్యాలు కూడా.

“పైసలు కేంద్రానివి”

ఇది సూటిగా తప్పు. కేంద్రం లెక్కలో టీచరు గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి 4,500, హెల్పరుది 2,250. ఆ మొత్తాన్నీ కేంద్రం భరించదు, 60:40 వాటా. టీచరు 13,650లో కేంద్రం వాటా 2,700, మిగతా 10,950 రాష్ట్రానిది. ఆయమ్మ 7,800లో కేంద్రం ఇచ్చేది 1,350. కేంద్రం తన అంకెను కదపనంత కాలం ఇక్కడ పెంచే ప్రతి రూపాయీ రాష్ట్రం జేబులోంచే పోతుంది. రాష్ట్రం వెనకాడటానికి అసలు కారణం ఇది. ఆ నిలదీత ఢిల్లీ వైపు కూడా పోవాలి.

“ఖజానా ఖాళీ, గుడ్డుకు ఎసరు”

రాష్ట్రంలో 35,700 కేంద్రాలు. 2023 ఎన్నికల హామీలో ఉన్నట్టు టీచరుకు 18,000 ఇస్తే నెలకు ఒక్కొక్కరికి పెరిగేది 4,350. ఏడాదికి సుమారు 186 కోట్లు. ఆయమ్మను ఔట్‌సోర్సింగ్ అట్టడుగు మెట్టైన 15,600కు తెస్తే ఏడాదికి 334 కోట్లు. రెండూ కలిపి 520 కోట్లు. ఇది ఒక్క పోస్టు కూడా ఖాళీ లేదనుకుని వేసిన గరిష్ఠ లెక్క, నిజంగా అయ్యే ఖర్చు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. వెయ్యి రూపాయల్లో రూపాయి డెబ్బై పైసలు.

గుడ్డు సంగతికొస్తే, భోజనం పద్దు వేరు, జీతాల పద్దు వేరు. గుడ్డు తగ్గితే టెండరు ధర, సరఫరా ఆలస్యం, విరిగిన గుడ్ల లెక్క దగ్గర తగ్గుతుంది.

“తాళమే కనిపిస్తుంది”

కొన్ని చోట్ల కనిపిస్తుంది. సాకులు చెప్పి తిరిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అయితే తాళం చూసినప్పుడు మూడు విషయాలు ఆరా తీయండి: ఆ రోజు సెక్టార్ మీటింగ్ ఉందా, ఆయమ్మ పోస్టు ఖాళీయా, టీచరుకు పక్క ఊరి సెంటరు కూడా ఇన్‌చార్జిగా అప్పగించారా. ఇద్దరు మనుషులున్న సెంటరు మీటింగ్ రోజు కూడా తెరుచుకుంటుంది, ఒక్కతే ఉన్నది మూతపడుతుంది. రోజుకు మూడొందలకు ఆయమ్మగా నిలబడే మనిషి దొరకకపోతే ఆ పోస్టు ఖాళీగానే ఉంటుంది.

“రిటైరైతే లక్షలు”

మంత్రి సీతక్క 2024లో టీచరుకు రెండు లక్షలు, ఆయమ్మకు లక్ష అని ప్రకటించారు. అంతకుముందు ఇచ్చినదానికి ఇది రెట్టింపు, కాదనలేం. చట్టం ప్రకారం గ్రాట్యుటీ లెక్క వేరేగా ఉంటుంది: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఆయమ్మకు ఏడాదికి 4,500, టీచరుకు 7,875. ఇరవై ఏళ్లు చేసిన ఆయమ్మకు లెక్క ప్రకారం 90,000, అంటే ప్రకటించిన లక్షే మేలు. ముప్పై ఏళ్లు చేస్తే ఆయమ్మకు 1,35,000, టీచరుకు 2,36,250 రావాలి, అప్పుడు ప్రకటించిన మొత్తం తక్కువవుతుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే అది పొందే వీలు చట్టంలోనే ఉంది. పైగా ఒకేసారి ఇచ్చే మొత్తం జీతంతో పాటు పెరగదు, గ్రాట్యుటీ పెరుగుతుంది. ఆయమ్మ చివరి జీతం 15,600 అయితే అదే ముప్పై ఏళ్లకు 2,70,000.