కట్టేశాక విచారణా?

బార్బుడాలో విమానాశ్రయం కట్టడం తప్పు కాదు. అక్కడి ప్రజలు ఊళ్లో లేని సమయం చూసి పని మొదలుపెట్టడం తప్పు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ఆ కరీబియన్ దీవిని నేలమట్టం చేయగా, సుమారు 1,800 మంది నివాసులను అదే దేశంలో భాగమైన పొరుగు దీవి ఆంటిగ్వాకు తరలించారు. వారు ఇళ్లు చక్కబెట్టుకుని తిరిగి స్థిరపడకముందే కొత్త రన్‌వే కోసం బుల్‌డోజర్లు అడవిని చదును చేయడం మొదలుపెట్టాయి. 2007 నాటి చట్టం ప్రకారం ఆ దీవిలో భూమి ఉమ్మడి ఆస్తి, పెద్ద ప్రాజెక్టులకు ప్రజల సమ్మతి తప్పనిసరి. తుపాను తర్వాత ఆ చట్టాన్నే ప్రభుత్వం సవరించుకుంది.

బార్బుడాలోని ప్రధాన ఊరు కాడ్రింగ్టన్‌లో ఉన్న పాత ఎయిర్‌స్ట్రిప్ చిన్న విమానాలకే సరిపోయేదని, పర్యాటకం పెరిగితే ఉపాధి దొరుకుతుందని ప్రభుత్వం చెబుతోంది. అది నిజమే కావచ్చు. అంత మేలైన ప్రాజెక్టయితే జనం తిరిగొచ్చేదాకా ఆగి, వారి ముందు పెట్టి ఒప్పించడానికి అభ్యంతరమేమిటి?

స్థానికులైన జాన్ ముసింగ్టన్, జాక్లిన్ ఫ్రాంక్ 2018లో కోర్టుకెక్కారు. విమానాశ్రయ అనుమతిని ప్రశ్నించే అర్హతే వారికి లేదని 2021లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పును తోసిపుచ్చి, వారికి ఆ అర్హత ఉందని ఆ దేశానికి తుది అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ప్రకటించేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 6,100 అడుగుల రన్‌వేతో విమానాశ్రయం ప్రారంభమైంది. ప్రశ్నించే హక్కు దక్కేనాటికి ప్రశ్నించాల్సిన పని దాదాపు పూర్తయిపోయింది. నరికిన అడవిని ఏ తీర్పు తిరిగి మొలిపిస్తుంది?

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఆనవాయితీయే. ముందు కట్టేయడం, వ్యాజ్యం తేలేలోగా రిబ్బను కత్తిరించడం, ఆపైన ఇక చేసేదేముందని చేతులెత్తేయడం పాలకులకు అలవాటైతే, తుపాన్ల దారిలో ఉన్న ప్రతి చిన్న దీవిలోనూ సహాయ శిబిరం నిండడమే భూసేకరణకు ముహూర్తమవుతుంది. బార్బుడాలో అది ఒక్క రన్‌వేతో ఆగలేదు. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కాడ్రింగ్టన్ లగూన్ (ఉప్పునీటి సరస్సు) పరిసరాల్లో సంపన్నుల విలాస గృహాలు కూడా లేస్తున్నాయి.

ఆంటిగ్వా-బార్బుడా ప్రధాని గాస్టన్ బ్రౌన్ ప్రభుత్వం దీన్ని అభివృద్ధిగా చెప్పుకుంటోంది. నిరాశ్రయులైన సొంత పౌరులను సంప్రదించకుండా వారి నేలపై యంత్రాలు దింపిన పాలకులకు ఆ మాట వాడే అర్హత లేదు. ఆ దీవిలో ఇకపై ఏ నిర్మాణానికైనా ముందుగా బార్బుడా వాసుల సమ్మతి తీసుకోవాలి, కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నంతకాలం పని ఆపాలి.