'పరిశీలనలో ఉంది' అన్న జవాబుకు విలువ ఎంత?

ప్రభుత్వోద్యోగంలో చిరకాలం పనిచేసి చెన్నైలో స్థిరపడిన ఒక పెద్దాయనకూ, ఇక్కడే న్యాయవాదిగా ఉన్న ఆయన మేనకోడలికీ మధ్య నడిచిన వాదం ఇది. శాసనసభలోనైనా పార్లమెంటులోనైనా సభ్యులు లేవనెత్తే రకరకాల ప్రజాసమస్యలకు మంత్రులు సభలో ఇచ్చే జవాబుల వల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నది విషయం.

మావయ్య: ఒకే గంటలో ఒకరు వంతెన అడుగుతారు, ఒకరు ఆసుపత్రికి డాక్టర్లను అడుగుతారు, ఇంకొకరు తమ ఊరికి బస్సు వేయమంటారు. అన్నింటికీ మంత్రి లేచి జవాబు చదువుతారు. ఆ జవాబు తయారయ్యే తీరు నాకు తెలుసమ్మా. ప్రశ్న శాఖకు వస్తుంది, సెక్షన్‌లో అసిస్టెంటు జిల్లా నుంచి వివరాలు తెప్పించి ముసాయిదా రాస్తాడు, జవాబు విన్నాక సభ్యులు అప్పటికప్పుడు అడిగే అనుబంధ ప్రశ్నలు ఏవి రావచ్చో ఊహించి వాటికి వేరే నోట్ పెడతారు, అప్పటికీ ఊహించనిది అడిగితే అధికారుల గ్యాలరీ నుంచి చీటీ వెళుతుంది. ఇంత శ్రమకూ చివరికి మిగిలేది 'పరిశీలనలో ఉంది', 'నిధుల లభ్యతను బట్టి చేపడతాం' అన్న రెండు ముక్కలు. అదే సభ్యుడు కలెక్టరును కలిసి అర్జీ ఇస్తే పని తొందరగా అవుతుంది.

మేనకోడలు: అధికారపక్ష సభ్యుడైతే అవుతుంది, మావయ్యా. ప్రతిపక్షం వాడికి ఆ గది తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు, తెరుచుకున్నా అక్కడ ఏమన్నారో రేపు ఎవరూ రుజువు చేయలేరు. సభలో అలా కుదరదు. రాజ్యాంగం 164వ అధికరణం మంత్రిమండలి మొత్తాన్ని శాసనసభకు బాధ్యురాలిని చేసింది గనుక ఏ పక్షం వాడు అడిగినా జవాబు చెప్పక తప్పదు, చెప్పినది రికార్డుకెక్కుతుంది, తెలిసి అబద్ధం చెబితే సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది. మీరు తీసిపారేసిన 'పరిశీలనలో ఉంది' అన్న మాటనే తీసుకోండి. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏయే మాటలు హామీ కిందికి వస్తాయో దానికొక జాబితా ఉంది, అందులో ఈ మాటా ఉంది. ఆ మాట అన్న మంత్రిత్వశాఖ మూడు నెలల్లో దాని సంగతి తేల్చాలి. ఇక, జిల్లా నుంచి వివరాలు తెప్పించారన్నారే, ప్రశ్న రాకపోతే ఆ వివరాలు ఎవరు అడిగేవారు?

మావయ్య: మూడు నెలలన్నది కాగితం మీది మాట. గడువు పెంచమని ఒక ఉత్తరం వెళుతుంది, అదీ దాటితే హామీనే వదిలేయమని మరొకటి వెళుతుంది. పైగా ప్రశ్నలన్నీ ప్రజల కోసమేనా? ప్రశ్న వేయడానికి డబ్బు పుచ్చుకున్నారని 2005లో 11 మంది ఎంపీలను బహిష్కరించారు కదా.

మేనకోడలు: బహిష్కరించారు, ప్రశ్నకు విలువ ఉంది గనుకనే దాన్ని కొనేవాళ్లు దొరికారు. మన ఊరి మనిషి టి.టి. కృష్ణమాచారి కథే చూడండి. జీవిత బీమా సంస్థ డబ్బుతో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్న సంగతి 1957లో లోక్‌సభలో ప్రశ్నగా మొదలైంది. నెహ్రూ అల్లుడు, ఎంపీ ఫిరోజ్ గాంధీ దాన్ని పట్టుకుని వదల్లేదు, ఆయన కూర్చున్నది పాలకపక్షం బెంచీల్లోనే. విచారణకు చాగ్లా కమిషన్ వేయక తప్పలేదు, 1958లో ఆర్థికమంత్రిగా ఉన్న కృష్ణమాచారి రాజీనామా చేసి మద్రాసు వచ్చేశారు. కలెక్టరుకు ఇచ్చే అర్జీతో ఇది జరిగేదా?

మావయ్య: ఎప్పుడో ఒకసారి జరిగినదాన్ని రోజువారీ పనికి కొలత చేయకు. మనం తాగే కృష్ణా నీళ్లు ప్రశ్నలతో వచ్చాయా? 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల హయాంలో ఒప్పందం కుదిరితే వచ్చాయి.

మేనకోడలు: కుదిరిన పదమూడేళ్లకు, 1996లో, ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటాయి.

మావయ్య: దాటినా కాలువలో ఇంకిపోయేవి. లైనింగ్ వేయించింది పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు, ఏ శాసనసభా కాదు.

మేనకోడలు: కాదనను. రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారంలో ఇక్కడి మంత్రి జవాబు ఆంధ్రలోని కండలేరు జలాశయం గేట్లు ఎత్తదు. కానీ ఏటా రావలసిన 12 టీఎంసీల్లో మన పూండి జలాశయానికి చేరింది ఎంతో, తక్కువైతే పొరుగు ప్రభుత్వానికి ఎప్పుడు రాశారో ఆయన చేత చెప్పించవచ్చు.

మావయ్య: తమిళనాడు సభలో 110వ నిబంధన ఉంది చూడు. మంత్రి లేచి ప్రకటన చేస్తారు, దాని మీద చర్చ ఉండదు. జయలలిత హయాంలో ఎన్ని పథకాలు అలా ప్రకటించారో నీకూ గుర్తుండాలి. జనానికి కావలసింది ఆ పథకం, జీవో. మీ 'పరిశీలన' కాదు.

మేనకోడలు: ఆ పథకాలు మంచివే కావచ్చు. అయితే ఏ ఊరికి ఇవ్వాలో, ఏ ఊరిని వదిలేయాలో ప్రకటించేవారి ఇష్టం. వదిలేసిన ఊరి సభ్యుడు లేచి 'మాకెందుకు లేదు' అని అప్పుడే అడగడానికి వీల్లేదు. ప్రశ్నోత్తరాల్లో ఆ అడిగే పని ముందే జరుగుతుంది, జవాబు నచ్చకపోతే అనుబంధ ప్రశ్న కూడా ఉంటుంది. 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేసి రాతపూర్వక జవాబులతో సరిపెట్టినప్పుడు పోయింది సరిగ్గా ఆ అనుబంధ ప్రశ్నే. మీ అసిస్టెంటు రాసిచ్చిన రెండు ముక్కలకు మించి మంత్రి చేత మాట్లాడించగలిగేది అదొక్కటే.

మావయ్య: సరే, అడగాలంటే సభ కూర్చోవాలి కదా. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని తప్ప ఎన్ని రోజులు కూర్చోవాలో 174వ అధికరణం చెప్పలేదు. నాలుగు రోజులు కూర్చుని లేచిపోయే సభలో నీ అనుబంధ ప్రశ్నకు వంతు ఎప్పుడొస్తుంది? ముందు రోజులు పెంచమని అడగండి, ప్రశ్నల సంగతి తర్వాత.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను మావయ్యా. కానీ రోజులు పెంచమని అడగవలసింది కూడా సభ్యుడే, సభలోనే, మంత్రినే.