‘షల్’ ఉండాలా, పోవాలా?

(జిల్లా కోర్టు దగ్గర ఒక వకీలు ఆఫీసు. బల్ల మీద ఇంగ్లిష్‌లో రాసిన దుకాణం అద్దె ఒప్పందం డ్రాఫ్టు. జూనియర్ అందులో ‘షల్’ (shall) అన్న మాట కనిపించిన చోటల్లా కొట్టేసింది. చాలాచోట్ల పైన ‘మస్ట్’ (must) అని రాసింది.)

సీనియర్: ఏంటమ్మా ఇది, డ్రాఫ్టంతా ఎర్ర ఇంకు? షల్ నీకేం ద్రోహం చేసింది?

జూనియర్: ఒక్క పేజీలో అది ఎన్ని వేషాలు వేస్తోందో చూడండి సార్. ‘టెనెంట్ షల్ పే’ అన్నచోట బాధ్యత. ‘అగ్రిమెంట్ షల్ కమెన్స్’ అన్నచోట ఎవరి బాధ్యతా కాదు, తేదీ చెప్పడమే. ‘ప్రెమిసెస్ షల్ మీన్’ అంటే ఉత్త నిర్వచనం. ‘టెనెంట్ షల్ బి ఎంటైటిల్డ్’ దగ్గరికొచ్చేసరికి అదే హక్కయి కూర్చుంది. కట్టి తీరాలన్నా షల్లే, నీకు హక్కుందన్నా షల్లే!

సీనియర్: చదివేవాడు సందర్భం చూసుకుంటాడు. మన ప్రోనోటు సంగతేంటి? ‘అసలు వడ్డీతో సహా చెల్లించగలవాడను’ అని రాస్తాం. ‘కట్టే శక్తి ఉందన్నానే గానీ కడతానన్నానా’ అని ఏ బాకీదారైనా వాదిస్తే కోర్టు వింటుందా?

జూనియర్: వినదు. కానీ ప్రోనోటులో ఆ మాటకు ఒకటే పని. షల్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది సార్. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ విషయాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను ‘షల్ బి కన్సల్టెడ్’ అని రాజ్యాంగం 320వ అధికరణం అంటుంది. 1957లో మన్బోధన్ లాల్ కేసులో, సంప్రదించకపోయినంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని తీర్పొచ్చింది. రాజ్యాంగంలోని షల్‌కే దిక్కు లేకపోతే మన అద్దె కాగితంలో షల్‌ని ఎవరు లెక్కచేస్తారు?

సీనియర్: తీర్పు పూర్తిగా చదివావా? ఏయే విషయాల్లో సంప్రదించనక్కర్లేదో నిబంధనలు చేసుకోవచ్చని ఆ అధికరణంలోనే ఉంది. సంప్రదించకపోతే ఏమవుతుందో మాత్రం లేదు. కోర్టు ఈ రెండూ చూసింది. అక్కడ మస్ట్ ఉన్నా ఫలితం అదే అయ్యేదని నా నమ్మకం. ఇంకో సంగతి చెబుతా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 రూల్ 1 తెలుసుగా?

జూనియర్: రిటెన్ స్టేట్‌మెంట్. దావాకు ప్రతివాది రాసిచ్చే జవాబు. దానికి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90.

సీనియర్: 90 దాటకూడదనే రాశారు, షల్‌తోనే. 2005లో కైలాష్ వర్సెస్ నన్హకూ కేసులో, తగిన కారణముంటే ఆ తర్వాతా తీసుకోవచ్చన్నారు. కమర్షియల్ సూట్లకు, అంటే వ్యాపార దావాలకు వచ్చేసరికి 120 రోజులు. అది దాటితే ఒక్కరోజు కూడా కుదరదని 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో అదే సుప్రీంకోర్టు అంది. రెండుచోట్లా షల్లే. కాకపోతే రెండోచోట, గడువు దాటితే హక్కు పోతుంది, కోర్టు దాన్ని రికార్డులోకి తీసుకోకూడదు అని కూడా రాశారు. పట్టు అక్కడుంది.

జూనియర్: అంటే షల్‌కి సొంత బలం లేదని మీరే ఒప్పుకుంటున్నారు.

సీనియర్: మస్ట్‌కి మాత్రం ఉందని ఎవరు చెప్పారు?

జూనియర్: దక్షిణాఫ్రికా వాళ్లు 1996 రాజ్యాంగంలో షల్ వదిలేసి మస్ట్ వాడుకున్నారు. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ రూల్స్‌ని 2007లో తిరగరాసినప్పుడు షల్‌ని ఏరేశారు. ఎక్కడా కొంపలు మునగలేదు.

సీనియర్: అమెరికా కథ సగంలో ఆపేశావు. పూర్తి విచారణ లేకుండానే తీర్పివ్వడం గురించిన రూల్ 56లో షల్ తీసి షుడ్ పెట్టారు. మూడేళ్లకే, 2010లో, షల్‌నే వెనక్కి తెచ్చుకున్నారు. మస్ట్ అంటే జడ్జికున్న కాస్త వెసులుబాటూ పోతుందని భయం, షుడ్ అంటే మరీ మెతక. ఆ మధ్యలో సరిపోయే మాట వాళ్లకు ఇంకోటి దొరకలేదు.

జూనియర్: ఒక్క రూల్ కోసం సార్! మన క్లయింటు కిరాణా కొట్టు ఆయన. స్కూల్లో ఆయనకి చెప్పిందేమిటి? ఐ, వుయ్ పక్కన షల్, మిగతావాళ్లకు విల్ అని. ఆ తర్వాత షల్ విన్నది ‘షల్ ఐ గో సార్’ అని పర్మిషన్ అడిగేటప్పుడే. పర్మిషన్ అడిగే మాట చూసి, కట్టి తీరాలని ఆయనకెలా తెలుస్తుంది?

సీనియర్: సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపిస్తాగా.

జూనియర్: రేపు గొడవొస్తే కోర్టు చూసేది కాగితాన్ని. మీరు తెలుగులో చెప్పింది అందులో ఉండదు.

సీనియర్: (కాసేపు డ్రాఫ్టు తిరగేసి) సరే, ‘షల్ మీన్’ తీసి ‘మీన్స్’ పెట్టు. ‘షల్ కమెన్స్’ కూడా ‘కమెన్సెస్’ చేసుకో. వాటికి నాకేం అభ్యంతరం లేదు. అద్దె క్లాజు జోలికి మాత్రం రావద్దు. పాత తీర్పులన్నీ షల్ మీదే ఉన్నాయి. ‘ఇక్కడ మస్ట్, అక్కడ షల్ ఎందుకు రాశారు’ అని ఎదుటి వకీలు లేవదీసే వాదనకు నేనే తలుపు తీయాలా?

జూనియర్: మరి తొమ్మిదో క్లాజు? ‘డిపాజిట్ షల్ బి రిఫండెడ్.’ ఎవరు ఇవ్వాలో లేదు, ఎప్పటిలోగానో లేదు. ఇవ్వకపోతే ఏంటో అసలే లేదు. పట్టు అక్కడుందని ఇప్పుడే అన్నారు.

సీనియర్: ఓనర్ అని రాయి. ఖాళీ చేసిన 30 రోజుల్లో అని రాయి. ఆలస్యమైతే వడ్డీ ఎంతో క్లయింటుని ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో.

జూనియర్: ఓనర్ మస్ట్ రిఫండ్ అని రాయనా?

సీనియర్: షల్ రిఫండ్. ముందు ఫోన్ చెయ్.